బుడగలు ఆగాక

ఆ ఇంట్లో ఉన్నవాళ్ళం ముగ్గురం: నేను, నా స్నేహితుడు కిరణ్, అతని భార్య శిరీష. పేర్లు మార్చాను. ఉన్న సామాను: మూతకి గాలి పోయే గొట్టం బిగించిన పాతిక లీటర్ల ప్లాస్టిక్ బకెట్, కుళాయి, థర్మామీటర్, మూతలు నొక్కే చేతి మర, గోధుమరంగు గాజు సీసాలు, బీరు ఎంతవరకు పులిసిందో చూపే హైడ్రోమీటర్. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువంతా ఇందులోనే ఉంది. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు కనుక.

ఇంగ్లండులోని కోవెంట్రీలో ఆ ఇల్లు కలిసి అద్దెకు తీసుకున్నాం. కిరణ్‌కి ప్రమోషన్ వచ్చింది. పార్టీలో మన చేతి బీరే పోద్దామన్నాడు. సామాను ఎంచే పని నాది. అతను పీపా కొందామన్నాడు. ఒత్తిడి పెరిగితే దాని వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది. సీసాలైతే చేతికి ఇవ్వడానికి బాగుంటాయని నేను పట్టుబట్టాను. అది తప్పు కాదు. ఎంతోమంది సీసాల్లోనే నింపుతారు.

నవంబరు చలి. బకెట్ గరాజ్‌లో ఉంది. కొన్నాళ్ళకు బుడగలు ఆగాయి.

"అయిపోయిందిరా!" అన్నాడు కిరణ్.

కాకపోవచ్చునని నాకు తెలుసు. చలికి, బీరుని పులియబెట్టే ఈస్ట్ మందగించినా బుడగలు ఆగుతాయి. కొలిచాను. బీరులో తీపి తరిగేకొద్దీ హైడ్రోమీటర్ అంకె దిగుతుంది, అది 1.012కి రావాలి. రెండు రోజులు వరసగా అక్కడే నిలవాలి. అప్పుడే నింపాలి. దిగలేదు. నేను ఒక్కసారే చూశాను, చూసింది ఎవరికీ చెప్పలేదు. "సరిపోయింది, నింపేద్దాం" అన్నాను. ఉద్యోగంలో నేను కార్ల బ్రేకులు పరీక్షిస్తాను. అక్కడ ఏ కొలతైనా మళ్ళీ మళ్ళీ చూడందే సంతకం పెట్టను. ఇంట్లో ఎందుకు తొందరపడ్డాను? పార్టీ దగ్గరపడిందనా, లేక బకెట్‌ని చలిలో పెట్టించింది నేనేనని ఆ ఇద్దరి ముందు ఒప్పుకోలేకనా?

నురుగు కోసం కిరణ్ సీసాకో చెంచా చక్కెర వేశాడు. ఎంత వెయ్యాలో చెప్పింది నేను. తర్వాత సీసాల్ని వేడినీళ్ళ ట్యాంకు ఉండే అల్మరాలో పెట్టించాను. చలికాలమంతా శిరీష ఇడ్లీ పిండి పులియబెట్టేది అక్కడే. పిండి పొంగే చోట బీరు మాత్రం తొందరగా తయారవదా అనుకున్నాను.

"అన్నయ్యా, రేపోమాపో మీ సీసాలు నా పిండి గిన్నెని అద్దె అడుగుతాయి" అని నవ్వింది శిరీష.

ఆ వెచ్చదనానికి ఈస్ట్ మళ్ళీ లేచింది. గాలి పోయే దారి లేకుండా మూత బిగించిన గాజులో.

ఆదివారం ఉదయం గిన్నె కోసం శిరీష అల్మరా తలుపు తీసింది. ఒక సీసా పేలింది. గాజు ముక్క ఆమె ఎడమ కంట్లో దిగింది.

ఆసుపత్రిలో కిరణ్ నా పక్కన కూర్చున్నాడు.

"చక్కెర నేనే ఎక్కువేశానురా. చెంచా కుప్పగా తీసుకున్నాను. నువ్వు చూశావు కదా?"

చూశాను. ప్రతి చెంచానీ అతను కత్తితో చదునుగా గీసి మరీ వేశాడు.

"అయ్యుండొచ్చురా" అన్నాను.

"శిరీషకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

 ఆ సాయంత్రమే అతను చెప్పుకున్నాడు. నేను చేసిన తప్పుని తనదిగా చెప్పుకున్నాడు.

ఆ కంటికి చూపు రాలేదు. శిరీష అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పటికీ వాళ్ళింటికి వెళ్తే టీ కిరణే పెడతాడు, చక్కెర మాత్రం తాకడు. డబ్బా నా ముందుకు జరిపి "నువ్వే వేసుకోరా" అంటాడు. అప్పుడు శిరీష కిటికీ వైపు తిరుగుతుంది. నేను వేసుకుంటాను. కలుపుకుంటాను. తాగుతాను. వెళ్ళడం మానేస్తే అనుమానం వస్తుందనే వెళ్తున్నానా, వాళ్ళ మీద ప్రేమతోనేనా, ఇన్నేళ్ళ తర్వాత ఆ రెంటినీ నేనే విడదీయలేకపోతున్నాను.

వాళ్ళకు ఇంకా చెప్పలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. అయినా ఇది రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది. అందుకు సిగ్గుగానూ ఉంది.

చక్కెర ఎక్కువ కాలేదు, కిరణ్. ఆ రోజు హైడ్రోమీటర్ 1.022 చూపించింది.