పిన్నుల పిన్ని చదవని కాగితం

చుయ్ మని ఒక శబ్దం. తడి గుడ్డ మీద వేడి ఇనుము వాలిన శబ్దం. వెనకే తెల్లటి ఆవిరి. అది విడిపోతేగాని ఆమె కనబడదు. ముందు చెయ్యి, తర్వాత చెమట పట్టిన నుదురు, చివరికి ఖాళీ పెదవులు.

ఒకప్పుడు ఆ పెదవుల మధ్య గుండుసూదులు ఉండేవి. వాటి వల్లే వీధి వీధంతా ఆమెను పిన్నుల పిన్ని అంది. ఇస్త్రీకి వచ్చిన బట్టల్లో ఏ కాగితం దొరికినా మడత విప్పేది కాదు. కవర్లో పెట్టి, అదే జేబులో దోపి, పైనుంచి పిన్ను గుచ్చి ఇచ్చేది. పెళ్లయి ఈ బల్ల ముందుకు వచ్చిన రోజున భర్త నేర్పిన మొదటి పాఠం అది. మనకి బట్టలు కనబడాలి, మనుషులు కనబడకూడదు అనేవాడట. ప్రేమలేఖలు, అప్పుపత్రాలు, రక్తపరీక్షలు ఆమె వేళ్ల కింది నుంచి నిద్రలో నడిచే మనుషుల్లా వెళ్లిపోయాయి.

భర్త పోయాక దుకాణం ఆమె పేరుకి మారింది. పై గదిలో మరిది ఉండేవాడు. దుకాణం తనకి రాలేదన్న మంట తప్ప అతనికి వేరే వ్యాపకం లేదు. చలికాలం ఒక పొద్దున కోటు తెచ్చి బల్ల మీద వేశాడు.

"తొందరేం లేదు వదినా. నీ చేత్తో నువ్వే చెయ్యి."

లోపలి జేబులో మడిచిన కాగితం తగిలింది. ఎప్పటిలాగే కవరు, పిన్ను. కోటు తిరిగి పైకి వెళ్లిపోయింది.

ఆ కాగితం ఆమెకు వచ్చిన కోర్టు సమన్లు. గుమ్మంలో అందుకున్నది మరిది. దుకాణం పన్ను బాకీ ఉందని పన్నుల ఆఫీసు దావా వేసింది. నెగ్గితే దుకాణం వేలం. ఈ రకం దావాలో నేరుగా వాదించుకోవడానికి లేదు. వాదించుకోనివ్వమని ముందు కోర్టును అడగాలి, అదీ గడువులోగా. చెప్పుకోవడానికి ఆమెకు లేకేం? కట్టిన ప్రతి పన్నుకీ రశీదు ఉంది, మడత నలగకుండా. ఆఫీసువాళ్లే తమ పుస్తకంలో ఎక్కించుకోలేదు.

ఇస్త్రీకిచ్చిన తన నల్లకోటు తీసుకెళ్లడానికి వచ్చిన వకీలు, "నీ కేసుకి ఎవరూ రాలేదేం పిన్నీ?" అని అడిగేదాకా ఆమెకి ఏమీ తెలియదు. అప్పటికి గడువు దాటింది. ఆలస్యం మన్నించి వాదించుకోనివ్వమని అతనే అర్జీ వేశాడు. కాగితం నా చేతికి రాలేదు అను, చాలు, అని నూరిపోశాడు.

మరిది బోనెక్కి, సమన్లు వదిన చేతికే ఇచ్చానన్నాడు. అబద్ధం ఆడకుండానే అబద్ధం ఆడే ఉపాయం ఆ కోటు. జడ్జి ఆమె వైపు తిరిగాడు.

"చేతికి వచ్చిందా?"

"వచ్చిందండి. కోటు జేబులో."

"చదవలేదా?"

"జేబుల్లోవి మేం చదవమండి."

హాలంతా నవ్వింది. తీర్పు కూడా జేబులో పెట్టి ఇస్త్రీకి వేస్తే సరి, అన్నాడెవడో వెనక బెంచీలోంచి. జడ్జి కూడా పెదవి బిగించుకున్నాడు. చేతికి వచ్చిన కాగితం చదవకపోవడం ఆమె తప్పే గాని ఆలస్యాన్ని మన్నించదగ్గ కారణం కాదని అర్జీ కొట్టేశాడు. రశీదుల సంచీ ఆమె ఒళ్లో నిద్రపోతున్న పిల్లలా ఉండిపోయింది. దాని ముడి విప్పమని ఎవరూ అడగలేదు.

వేలంలో దుకాణం మరిదే పాడుకున్నాడు. పని తెలిసిన మనిషి దొరకడం కష్టమని ఆమెనే కూలికి పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆమె నిలబడేది అదే బల్ల ముందు, పడుకునేది ఆ బల్ల కింద. కోటు వేసుకుని కిందికి దిగినప్పుడల్లా అతను దాన్ని విప్పి బల్ల మీద వేసి, కాలరు సరిగా రాలేదు వదినా, అంటాడు. ఆమె మళ్లీ చేసిస్తుంది.

నా చొక్కా కోసం వెళ్లినప్పుడు, కోపం రాదా అని అడిగాను. కోపం వస్తే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే బట్ట కాలుతుంది అంది. నా చొక్కా మడిచి నా చేతిలో పెట్టింది. అలవాటుగా జేబు తడుముకున్నాను. పిన్ను లేదు.

"లోపల డాక్టరు చీటీ ఉందండి. చదివాను. ఇప్పుడు అందరివీ చదువుతున్నా. మీ ఆవిడకి చెప్పారా? చెప్పకపోతే చెప్పెయ్యండి. ఆవిడ బట్టలు కూడా రేపు నా దగ్గరికే వస్తాయి."