ఇద్దరు తల్లుల కార్డ్‌లెస్

తొంభైలలో పెళ్లి కుదిరిన కుర్రవాడికి అన్నీ దొరికేవి గానీ, పిల్లతో మాట్లాడుకోవడానికి జానెడు చాటు దొరికేది కాదు. మహబూబ్‌నగర్‌లో మాది పొడుగాటి ఇల్లు. ముందు బట్టల దుకాణం, నడుమ వాకిలి, వెనక మగ్గాల కొట్టం. టెలిఫోను మాత్రం దుకాణంలో, బాపు (మా నాన్న) మోచేతి పక్కన. నందికొండలో టీచరుగా చేస్తున్న నా కాబోయే ఆవిడ ఆదివారం పూట ఫోను చేసిందంటే, చీరలు కొనవచ్చినవాళ్లు బేరం ఆపి మరీ నా వైపు చెవులు పెట్టేవారు. నేను "ఊఁ", "ఆఁ", "మంచిదే" అంటూ ప్రేమ నడిపించేవాణ్ని.

ఈ అన్యాయం భరించలేక గడియారం చౌరస్తాలో ఒక కార్డ్‌లెస్ ఫోను కొన్నాను. అమ్మిన భాయ్ దాన్ని విప్పి చూపిస్తూ, తీగ తగిలించే పెట్టెను 'తల్లి' అన్నాడు, చేత్తో పట్టుకుని తిరిగేదాన్ని 'పిల్ల' అన్నాడు. తల్లిని దుకాణంలో పెడితే, పిల్ల వాకిలి సగం దాకా వచ్చి గరగరమని ప్రాణం వదిలేది. నాకు చాటు కొట్టంలో కదా! సరిగ్గా అలాంటిదే ఇంకొకటి తెచ్చి, దాని తల్లిని కొట్టంలో పెట్టి, అదే లైను దానికీ లాగాను. ముందు తల్లి వదలగానే వెనక తల్లి అందుకుంటుందని నా తెలివి. "రెండూ ఒక్క తీరువే గద భాయ్?" అని అడిగాను కూడా. "బిల్కుల్ ఒక్క తీరువే సాబ్" అన్నాడు. (కొట్టంలోకి పోయి అక్కడి పిల్లనే ఎత్తుకోవచ్చు కదా అంటారేమో. మరి ముందు పిల్లను బాపు చేతిలో పెట్టి పోవాలి. బాపు దాన్ని చెవి దగ్గర పెట్టుకోడని హామీ ఎవరిస్తారు?)

ఆ ఆదివారం ఆవిడ గొంతు అదోలా ఉంది. "ఒక మాట అడుగుత, నిజం చెప్పుండ్రి. పెండ్లైనంక నన్ను నౌకరి మానిపియ్యరు గద?" అంది. నేను అప్పటికే పిల్లను చెవికి ఆనించుకుని వాకిలి దాటుతున్నాను. "ఎందుకు మానిపిస్త?" అన్నాను ఎంతో ప్రేమగా. సరిగ్గా "ఎందుకు" దగ్గర గరగరమంది ఆ దరిద్రపు ఫోను. "మానిపిస్త" అన్న ముక్కను మాత్రం గంట కొట్టినట్టు ఆవిడకు వినిపించి, ఆ తర్వాత చచ్చింది.

ఎదురుగా కొట్టంలో రెండో తల్లి ఎర్ర లైటు వెలిగించుకుని కూర్చునే ఉంది. దాని ముఖమైనా చూడకుండా, ఎక్కడో దుకాణంలో ఉన్న సొంత తల్లినే పట్టుకుని వేలాడింది ఈ మొండి పిల్ల. (ఇప్పుడు మా ఇంట్లో రెండు వై-ఫై పెట్టెలున్నాయి. ల్యాప్‌టాప్ పట్టుకుని వెనక గదిలోకి పోతే, అదీ నెత్తి మీదున్న పెట్టెను కాదని ముందు గది పెట్టెనే పట్టుకుంటుంది. ఆ జాతి బుద్ధే అంత.)

ఆవిడ విన్నది ఆ ఒక్క ముక్కేనని నాకప్పుడు తెలియదు. పై ఆదివారం ఫోను మోగలేదు. ఆ మర్నాడు సాయంత్రం, ఈ సంబంధం కుదిర్చిన మా మేనమామ బస్సు దిగి నేరుగా దుకాణంలోకి వచ్చాడు.

"ఏందిరా, నౌకరి మానిపిస్త అన్నవంట. పిల్ల అన్నం ముడ్తలేదు. గీ సంబంధమే వద్దంటాంది."

నేను నోరు తెరిచేలోపే బాపు చీర మడత పెడుతూ అందుకున్నాడు. "మానక ఏం జేస్తది? దుకాణంల పైసల గల్ల మీద కూసునేటోళ్లు గావాలె గద."

బాపు మాటకు ఎదురు చెప్పిన చరిత్ర మా ఇంట్లో లేదు. మామ అదేమీ పట్టించుకోకుండా ఆవిడ పక్కింటి నంబరు కలిపి, ఆవిడను పిలిపించి, దుకాణంలోని పాత తీగ ఫోను నా చేతిలో పెట్టాడు. ఆ తీగ మూరెడు. ఎటూ పోలేను. ఎదురుగా బాపు, అటూ ఇటూ గిరాకీకి వచ్చినవాళ్లు. లైను సరిగా లేదు, అరవక తప్పలేదు.

"నౌకరి మానొద్దు. బదిలీ దొరికేదాక ఆడనే ఉండు. నేనే వచ్చి పోత."

దుకాణంలో బేరాలన్నీ ఆగాయి.

"గీ మాట ఎక్కడ నిలబడి అంటున్నరు?" అంది ఆవిడ.

"దుకాణంల."

"మీ బాపు ఉన్నరా ఆడ?"

"ముందరనే ఉన్నడు."

"చాటుకు పోయి చెప్తే నమ్మకపోయేదాన్ని. గిప్పుడు నమ్మిన."

ఫోను పెట్టేశాక బాపు చాలాసేపు ఆ చీరనే మళ్లీ మళ్లీ మడత పెట్టాడు. తర్వాత, "అయితే గల్ల మీద నువ్వే కూసో" అన్నాడు.

ఇన్నేళ్లయినా ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే కోపమూ వస్తుంది, నవ్వూ వస్తుంది. ఆ ఒక్క మాట చెప్పడానికి చాటు కావాలని ఇల్లంతా తీగలు లాగాడు పాపం. ఆవిడకు కావలసింది మాత్రం, ఆ మాట నలుగురిలో వినడం.