అవతలి మనిషిని అడిగినవా?

మా సార్ పోయిన సంగతి నాకు ఒక యూట్యూబ్ వీడియో చెప్పింది. 'సీనియర్ జర్నలిస్ట్ హఠాన్మరణం, అసలు కారణం తెలిస్తే షాక్' అని ఎర్రటి అక్షరాలు. పక్కన ఫొటో ఆయనది కాదు. సార్ ఇంటికి ఫోన్ చేస్తే ఆయన భార్య, మేడమ్ ఎత్తారు. "చాయ్ తాగుకుంటనే ఒరిగిపోయిండమ్మా," అన్నారు. అసలు కారణం అంతే. గుండె ఆగింది.

మర్నాడు, ఆయన ముప్పై ఏళ్లు పనిచేసిన పేపరు లోపలి పేజీలో నాలుగు లైన్లు వేసింది. అందులో ఊరు తప్పు. హయత్‌నగర్‌లో పుట్టి పెరిగిన మనిషిని నల్గొండ వాణ్ని చేశారు. రెండు చోట్లకీ ఫోన్ చేశాను. ఛానల్ వాళ్లు ఎత్తలేదు. పేపరు వాళ్లు "చూస్తాం" అన్నారు. ఇంకా చూడలేదు.

ఆ పేపరు దిల్‌సుఖ్‌నగర్ జోన్ ఆఫీసుకు ఆయన ఇన్‌చార్జి. నేనప్పుడు కొత్త రిపోర్టర్ని. మా వాళ్లు గుంటూరు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డారు. "మీ గుంటూరోళ్లు మస్తు స్పీడ్ మాట్లాడ్తరు, రాసేటప్పుడు జర నెమ్మదిగ రాయమ్మా," అనేవారు. వార్తలో ప్రతి పేరు మీదా వేలు పెట్టి, నాచేత పైకి చదివించేవారు. రోడ్డు మీద నడుస్తూ ఏ షాపు బోర్డులోనైనా అక్షరం తప్పు కనిపిస్తే లోపలికెళ్లి మరీ చెప్పేవారు. పక్కన నిలబడలేక నేను నాలుగడుగులు ముందుకెళ్లిపోయేదాన్ని.

తర్వాత పేపరు వాళ్లు మా ప్రాంతం వార్తలు వేసే జోన్ పేజీలు ఎత్తేశారు. ఆయన ఇంటికి, నేను రోడ్డు మీదికి. ఫోను, చిన్న మైకు పట్టుకుని యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టాను. పిలవగానే సార్ వచ్చి మా హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

చంపాపేట్‌లో ఒక బస్తీకి నల్లాల్లో మురికి నీళ్లు వచ్చాయి. నీళ్ల లైన్‌మన్ కావాలనే అపార్ట్‌మెంట్లకు మంచి నీళ్లు వదిలి, తమకు ఇవి వదులుతున్నాడని బస్తీవాళ్లు అన్నారు. నేను వీడియో తీసి సిద్ధం చేశాను.

"అవతలి మనిషిని అడిగినవా?" అన్నారు సార్.

"ఫోన్ ఎత్తట్లేదు సార్. అందరూ పెట్టేస్తున్నారు."

"ఎత్తకపోతే ఇంటికి పోదాం. గంటల ఏమైతది?"

"గంట ఆగితే మనది ఎవరూ చూడరు. మీ పేజీ ఎత్తేసింది కూడా ఇందుకే."

ఆయన చెప్పులు వేసుకుని మెట్లు దిగారు. వెనకాలే నేనూ దిగాను.

మేం వెళ్లేసరికి లైన్‌మన్ మంచం మీద కూర్చుని ఉన్నాడు, చేతికి కట్టు. ఇంకో ఛానల్ పొద్దున్నే అతని మొహం చూపించి మరీ పెట్టేసింది. అది చూసి జనం బండి మీంచి లాగి కొట్టారు. మా మైకు చూడగానే అతని భార్య, "ఇంకేం తీస్తరు? పోండి," అంది.

"ఆయన మాట ఇందామని ఒచ్చినం బిడ్డా," అన్నారు సార్, గడప బయటే నిలబడి.

లైన్‌మన్ తలెత్తి చూశాడు. "మురికి మోరీ పనోళ్లు తవ్వి పైపు పగలగొట్టిన్రు సార్. మూడుసార్లు రాసిచ్చిన." ఆఫీసు ముద్ర పడిన కాయితాలు చూపించాడు.

అతని పై అధికారి జవాబు కూడా తీసుకుని మర్నాడు వీడియో పెట్టాం. చూసినవాళ్లు కొద్దిమంది. ఆ ఛానల్ పెట్టిన మొదటి వీడియో మాత్రం వాట్సాప్‌లో ఇంటింటికీ వెళ్లింది. మా పాత పేపరు కూడా దాన్నే పట్టుకుని 'వైరల్' అని వార్త వేసింది. సార్ డెస్కుకు వెళ్లి అడిగితే, "అందరూ వేశారు సార్," అన్నారట. తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నన్ను అడిగారు. "ఛానలోళ్లంటే కొత్తోళ్లమ్మా. మరి మా పేపరోళ్లకేమైంది?"

పైపు బాగుచేశారు. లైన్‌మన్‌ని వేరే చోటికి మార్చారు. వీడియో తీసెయ్యమని అడగడానికి సార్ ఆ ఛానల్ ఆఫీసుకు మూడుసార్లు మెట్లెక్కారు. మూడోసారి వాళ్లు ఆయన్నే వీడియో తీసి, 'మా ఆఫీసుకొచ్చి బెదిరించిన పెద్దాయన' అని పెట్టారు. నేను మండిపడుతుంటే ఆయన ఫోను దూరంగా పట్టుకుని చూసి, "మనిషిని బాగనే చూపెట్టిన్రు. మాటనే కోసేసిన్రు," అన్నారు.

అయినా ఫోన్‌ని ఆయన ఎప్పుడూ తిట్టలేదు. "పేపర్ల అయితే గా లైన్‌మన్‌కు రెండు లైన్లే ఇస్తుంటిమి. నీ దాంట్ల ఆయన మొత్తం చెప్పుకున్నడు," అనేవారు. ఆ రోజు ఆయన పేజీ గురించి నేనన్న మాటకు క్షమించమని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఆయనెప్పుడూ దాని ఊసే ఎత్తలేదు గనక వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు ఎవర్ని అడగను?

మొన్న తుర్కయంజాల్‌లో రోడ్డు పని గురించి వీడియో తీశాను. కాంట్రాక్టరు మీద జనం చెప్పాల్సిందంతా చెప్పారు. ఇంజనీరు జవాబు కోసం ఆఫీసుకు వెళ్తే, "ఇప్పుడే ఒస్తడు, కూసోండి," అన్నాడు అటెండరు. కూర్చున్నాను. ఇదే వార్త ఇంకెవరో పెట్టేశారని ఫోన్‌లో నోటిఫికేషన్ మోగింది. తర్వాత ఇంకొకరు. నేను ఫోన్‌ని బోర్లించాను. ఎదురుగా ఇంజనీరు గది తలుపు తెరిచే ఉంది. ఖాళీ కుర్చీ మీద ఫ్యాను తిరుగుతోంది.