రెండో సంవత్సరం మార్కులు ఎందుకు తగ్గాయి?

మా ఇంట్లో అనుమానం తాతల నాటి ఆస్తి. ఉప్పల్‌లో మాకున్న పొలం ప్లాట్లయిపోయి చేతిలోంచి జారిపోయాక మాకు మిగిలింది అదొక్కటేనని అమ్మ ఎగతాళి చేసేది. గ్యాస్ సిలిండర్ వస్తే మా నాయిన దాన్ని ఊపి చూడందే దింపించుకునేవాడు కాదు. పాలాయన ముందే పాలలో వేలు ముంచి, ఆ వేలు వెలుతురుకి పెట్టి చూసేవాడు. పాలాయన కూడా అలవాటుపడి, ఆ పరీక్ష అయ్యేదాకా ఓపిగ్గా సైకిల్ పట్టుకుని నిలబడేవాడు. నాకు అమ్మ ముఖం వచ్చింది గానీ బుద్ధి మాత్రం అచ్చం నాయినదే.

అందుకే ఎంబీయే చదవాలని నాకు బుద్ధి పుట్టినప్పుడు నేను ముందు అనుమానించింది ఎంబీయేనే. అప్పుడు నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మందు సీసాలకు ప్లాస్టిక్ మూతలు చేసే కంపెనీలో, సరుకు బయటికి పంపే సెక్షన్‌లో పనిచేసేదాన్ని. బీకాం అవగానే చేరాను, మూడేళ్లు దాటాయి. ఒకరోజు నాకంటే చిన్నవాడొకడు మాకు సూపర్‌వైజర్‌గా వచ్చాడు. ఏ బాక్సులో ఏ మూతలుంటాయో, ఏ లారీ ఎటు పోతుందో నా దగ్గరే నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక ఆ పనే నాకు అప్పజెప్పడం, నేను లీవడిగితే గడ్డం గోక్కుంటూ ఆలోచించడం మొదలుపెట్టాడు. అతనికున్నది ఎంబీయే, నాకు లేనిది ఎంబీయే. ఆ చదువులో ఏమీ ఉండదని నాకు గట్టి అనుమానం. అయినా అది లేకపోతే నేను రిటైరయ్యేదాకా ఇలాంటివాళ్ళకి పని నేర్పుతూ కూర్చోవాలని అర్థమైంది.

చిక్కంతా నా డిగ్రీ మెమోలో ఉంది. టెన్త్, ఇంటర్ మంచి మార్కులే. డిగ్రీ మొదటి సంవత్సరం ఫస్ట్ క్లాసు. రెండో సంవత్సరం మాత్రం మార్కులు దబ్బున పడిపోయి రెండు సబ్జెక్టులు పోయాయి. తర్వాత సప్లిమెంటరీలో గట్టెక్కాను, మూడో సంవత్సరం మళ్ళీ లేచాను. ఆ గుంట చూడగానే ఎవరైనా అడిగే ప్రశ్న ఒక్కటే.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర, గాజుల షాపు పైన, ఎంబీయే ఇంటర్వ్యూలకి తయారుచేసే ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను. అప్పుడు మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వేసి ఉంది. దుమ్ముకి ముఖాలకు గుడ్డలు చుట్టుకుని వచ్చేవాళ్ళం. గుడ్డ విప్పేదాకా ఎవరు ఎవరో తెలిసేది కాదు. రాష్ట్రం కోసం బందులు నడుస్తున్న రోజులు కావడంతో, విప్పాక కూడా ఎవరు ఎటువాళ్ళో మాటను బట్టి కొలుచుకునేవాళ్ళం. మా సార్‌ది గుంటూరు వైపు. పోచారం క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే అబ్బాయిలు నలుగురైదుగురు వచ్చేవాళ్ళు. నా పక్కన నాగోల్ నుంచి వచ్చే ఒక అమ్మాయి కూర్చునేది. వాళ్ళ నాన్న టీచరు, వాళ్ళదీ కోస్తానే. నా నోట్సు చూసి రాసుకునేది, టిఫిన్ బాక్సులో సగం నాకు పెట్టేది. ఆ సగం ఎందుకు పెడుతోందా అని నేను తింటూనే ఆలోచించేదాన్ని.

"మార్కులు అయిపోయిన పెళ్ళి లాంటివమ్మా, ఇప్పుడేం చేసినా మారవు" అన్నాడు సార్ మొదటిరోజే. "ఎక్స్‌పీరియన్స్ అలా కాదు. దాన్ని ఎంత బాగా చెప్పుకుంటే అంత. వాళ్ళు అడిగేది రెండే. మార్కులెందుకు తగ్గాయి, ఉద్యోగంలో ఏం చేశారు. రెండోదానికి గట్టిగా చెబితే మొదటిదాన్ని క్షమిస్తారు."

ఆ మాట విని నా గుండె నిబ్బరపడింది. రెండోదానికి నా దగ్గర నిఖార్సయిన జవాబుంది. మా కంపెనీకి పగిలిన మూతల బాక్సులు తరచూ వాపసు వచ్చేవి. ఏ షిఫ్టువాళ్ళు ప్యాక్ చేశారో తేలేది కాదు. ఒకరి మీద ఒకరు చెప్పుకుని కొట్టుకునేదాకా వచ్చేది. నేను ఒక్కో షిఫ్టు బాక్సుల మీద ఒక్కో రంగు క్రేయాన్‌తో గీత గీయించడం మొదలుపెట్టాను. కొద్దిరోజుల్లోనే వాపసు వచ్చేవన్నీ ఎర్రగీత బాక్సులేనని, ఆ షిఫ్టులో ఒక మిషన్ చెడిందని తేలింది. పోట్లాటలు ఆగిపోయాయి. ఇదీ నా ఎక్స్‌పీరియన్స్. దీన్ని క్లాసులో చెబితే మర్నాటికల్లా పోచారం అబ్బాయిలందరూ ఏదో ఒకదాని మీద రంగుగీతలు గీసినవాళ్ళయిపోతారని నాకు అనుమానం. ఎవరి ముందూ నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మాక్ ఇంటర్వ్యూలో సార్ ఉద్యోగం గురించి అడిగితే, "లోడు పంపిస్తాను, బిల్లులు చూస్తాను" అన్నాను. సార్ ముఖం మాడిపోయింది. రెండో సంవత్సరం సంగతేమిటన్నాడు. ఆ సంగతిని ఎవరూ ఎత్తుకుపోరులే అన్న ధీమాతో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ ఏడు మా నాన్నకి ఒంట్లో బాగాలేదు సార్, తెల్లారే ఆస్పత్రికి తీసుకెళ్ళేదాన్ని, క్లాసులు పోయాయి, పరీక్షలు పోయాయి. సార్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "ఇదమ్మా జవాబంటే! వినగానే జాలేస్తుంది, ఇంకో ప్రశ్న అడగబుద్ధి కాదు" అని క్లాసుకేసి తిరిగాడు. వెనక బెంచీల్లో పెన్నులు కదలడం చూశాను. చూసి, నా రంగుగీతలు మాత్రం భద్రంగా ఉన్నాయని సంతోషించాను.

నాయినకు వచ్చింది ఊపిరితిత్తుల జబ్బు. దాని పేరు మా ఇంట్లో ఎవ్వరం పలికేవాళ్ళం కాదు. నాయిన నాచారంలోనే ఒక రంగుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద పనిచేసేవాడు. కంపెనీ కార్డు మీద చూసే దవాఖానా దగ్గర్లోనే ఉంది. అక్కడికి పోతే ఆయన ఇంటికి చేరేలోపే కబురు కంపెనీకి చేరుతుందని, మరుసటి షిఫ్టుకి ఆయన జాగాలో ఇంకో మనిషి ఉంటాడని భయం. అందుకని రెండు బస్సులు మారి ఊరికి ఆ చివరనున్న పెద్ద దవాఖానాకి పోయేవాళ్ళం. చీటీలు, బోర్డులు చదవడానికి నేను. మధ్యాహ్నం షిఫ్టుకి ఆయన పరుగెత్తుకుంటూ వచ్చేవాడు. భూమి కేసుకి కోర్టుకి పోతున్నానని కాంట్రాక్టర్‌కి చెప్పాడు. ఉప్పల్‌లో భూమి కేసంటే ఇంకా ఎన్నాళ్ళని ఎవరూ అడగరు. గోలీలు సోంపు డబ్బాలో పెట్టుకునేవాడు. దగ్గొస్తే నల్లా తిప్పి ఆ చప్పుడులో దగ్గేవాడు. ఎవరన్నా చిక్కిపోయినవేందంటే, వాళ్ళ మాట పూర్తికాకముందే, "నాకేమైతది, మంచిగున్న" అనేవాడు. జబ్బు తగ్గిపోయింది గానీ ఆ మాట మాత్రం ఆయన నాలుక మీద అలాగే ఉండిపోయింది.

ఇంటర్వ్యూ రోజు నాయిన లీవు పెట్టి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, నన్ను స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. కాలేజీ గేటు, అద్దాల గోడలు చూసి ఆయనకి ఒళ్ళంతా అనుమానం. "ఏందన్న కాగితం మీద సంతకం పెట్టుమంటే పెట్టకు బిడ్డా. నన్ను పిల్వు. నేను గీ చెట్టు కిందనే ఉంట" అన్నాడు.

లోపల హాలులో మా కోచింగ్‌వాళ్ళే ఎక్కువమంది ఉన్నారు. పోచారం అబ్బాయి ఒకడు బయటికి వస్తూ, "ఫాదర్ హెల్త్ అని చెప్పేశా. నవ్వుకున్నారుగానీ వదిలేశారు" అని తోటివాడితో అంటున్నాడు. తర్వాత నాగోల్ అమ్మాయి వచ్చింది. నా వైపు చూడకుండా పోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"నువ్వేం చెప్పావు?"

"సార్ అదే చెప్పమన్నారు కదా" అంది కళ్ళు దించుకుని. "నాకు ఇంకేం చెప్పాలో తెలియలేదు. కోపమా?"

ఆ టీచరుగారిని నేను చూశాను. ఉదయం దిట్టంగా మోటార్‌సైకిల్ మీద వచ్చి కూతుర్ని దింపి వెళ్ళాడు. అంతకుముందు తిన్న సగం టిఫిన్లన్నీ గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలో నన్ను పిలిచారు.

లోపల ముగ్గురున్నారు. ఒక మేడమ్, ల్యాప్‌టాప్ ముందేసుకున్న ఒకాయన, మధ్యలో ఏదో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనట్టున్న పెద్దాయన. ఆయన నా మెమో చూసి వేలితో ఆ గుంట మీద తట్టాడు. నా దగ్గర ఉన్న నిజం ఒక్కటే. దాని బదులు ఒక అబద్ధం తయారుచేసుకోవడానికి టైము లేదు. "ఆ సంవత్సరం మా నాన్నగారికి ఆరోగ్యం బాగాలేదు సార్" అన్నాను.

మేడమ్ పెదాలు బిగపట్టి నవ్వు ఆపుకుంది. పెద్దాయన అప్పటిదాకా మాట్లాడుతున్న ఇంగ్లీషు వదిలేసి తెలుగులోకి దిగాడు. "ఉప్పల్ నీళ్ళలో ఏమైనా ఉందామ్మా? పొద్దుటి నుంచీ అటువైపు నుంచి వచ్చిన పిల్లలందరి నాన్నలకీ డిగ్రీ రెండో సంవత్సరంలోనే సుస్తీ చేసింది. సరే, ఏం జబ్బు?"

నోరు తెరిచాను. ఆ పేరు రాలేదు. మా ఇంట్లో అన్నేళ్ళు పలకని మాట అది. "దగ్గు... జ్వరం కూడా..." అన్నాను.

"దగ్గుకి రెండు సబ్జెక్టులు పోయాయా?"

నాకు కోపం ముంచుకొచ్చింది. కోపంలో నాకు ముందూ వెనకా కనిపించదు. "మా నాన్న బయటే ఉన్నారు. పిలిచి అడగండి" అన్నాను. ఆయనా నా లాంటివాడే అనుకుంటాను. బెల్లు కొట్టి, "పిలవండి, చూద్దాం" అన్నాడు.

నాయిన గుమ్మం బయట చెప్పులు విడిచి వచ్చాడు. బల్ల మీద పరిచిన నా సర్టిఫికెట్లు, నిలబడి ఉన్న నేను, నా కళ్ళలో నీళ్ళు, కుర్చీల్లో ముగ్గురు. అన్నీ ఒక్క చూపులో చూసి ముఖం గట్టిచేసుకున్నాడు.

"మీ అమ్మాయి డిగ్రీ చదివేటప్పుడు మీకు ఒంట్లో బాగుండేది కాదటగా?" అడిగాడు పెద్దాయన.

"ఎవరికి, నాకా?" నాయిన రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. "నాకేమైతది సార్? మంచిగున్న. ఇన్నేండ్ల నౌకరీల ఒక్కదినం గూడ బీమార్ పడలే. ఎవరు జెప్పిన్రు మీకు?"

గదిలో ఎవరూ నవ్వలేదు. పెద్దాయన మెమో మడిచి నా వైపు జరిపాడు. థాంక్యూ అన్నాడు. నా మూడేళ్ళ ఉద్యోగం గురించి ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. భద్రంగా దాచిన రంగుగీతలు భద్రంగానే ఉండిపోయాయి.

తిరిగి వచ్చేటప్పుడు నాయిన హుషారుగా ఉన్నాడు. స్కూటర్ నడుపుతూ వెనక్కి కేకేసి మాట్లాడుతున్నాడు. "మంచిగ జెప్పిన గదా? ఆ ముసలాయన మా కాంట్రాక్టర్ లెక్కనే అడిగిండు. బీమార్ మనిషి బిడ్డ అని తెలిస్తే సీటిస్తరా ఎవరన్న? నాకు సూడంగనే సమజైంది." నాకు ఆయన మీద, సార్ మీద, నాగోల్ అమ్మాయి మీద, అందరి మీదా పట్టరాని కోపం. అన్నిటికంటే ఎక్కువగా, నా కోసమే అలా రొమ్ము విరుచుకున్నాడని దుఃఖం. గాలికి కళ్ళు తుడుచుకుని, "మంచిగ జెప్పినవ్ నాయినా" అన్నాను.

సీటు రాలేదు. ఎందుకు రాలేదని నాయిన అడిగితే, ఎక్స్‌పీరియన్స్ తక్కువైందన్నాను. "మూడేండ్లు సాలవా?" అన్నాడు. ఐదు కావాలంట అన్నాను. పాలాయన మాటనే నమ్మనివాడు నా ముఖంకేసి కాసేపు చూశాడు. తర్వాత ఏమీ అడగకుండా లేచి స్నానానికి పోయాడు.

మరుసటి ఏడు, రాష్ట్రం వచ్చిన ఏడు, ఇంకో కాలేజీ నుంచి పిలుపొచ్చింది. అది మా నాచారం దగ్గర్లోనే. కోచింగ్‌కి పోలేదు, బయటివాళ్ళెవరితోనూ ఒక్క మాట చెప్పలేదు. నాయినే తీసుకెళ్ళాడు. అయితే గేటు ఇంకా చాలా దూరం ఉండగానే చౌరస్తాలో టీ కొట్టు దగ్గర స్కూటర్ ఆపేశాడు. అక్కడ ఆయన ఫ్యాక్టరీవాళ్ళు ఇద్దరు ముగ్గురు నిలబడి టీ తాగుతున్నారు.

"నేను ఈడ్నే ఉంట. నువ్వు పో" అన్నాడు.

"గేటు దాక రావా?"

"వద్దు. మల్ల నన్ను పిలుస్తరు." స్కూటర్ అద్దం మీది దుమ్ము చొక్కా కొసతో తుడుస్తూ నిలబడ్డాడు. పోయినసారి సీటు ఎందుకు పోయిందో ఆయనకి ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. నేను చెప్పుకున్నది అమ్మకొక్కదానికే, ఆమె మీదే నా అనుమానం. నేను కదిలాక వెనక నుంచి పిలిచాడు.

"బిడ్డా, ఈపారి అడిగితే నసగకు. పేరు పెట్టి జెప్పు. మా నాయినకు టీబీ ఉండె, రెండు బస్సులు మారి నేనే తోల్కపోయిన, అందుకే మార్కులు తగ్గినయని జెప్పు."

టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించి ఇటు చూశారు. నాయిన గొంతు తగ్గించలేదు. వాళ్ళకేసి తిరిగి, "అవ్, టీబీనే ఉండె" అన్నాడు.