ఒక్క విమానం మిగిలిన దేశం

ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్లో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒకసారి హీత్రో విమానాశ్రయానికి వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. ఒళ్లో పాలిథిన్ కవర్లో పైలట్ టోపీ ఉంది. చేతిలోని టికెట్ కాగితాన్ని తిప్పి తిప్పి చూస్తున్నారు.

"ఇందులో నా సీటు ఎక్కడ రాశారు?" అని అడిగారు. "ముప్పై ఏళ్లు విమానాలు నడిపాను. టికెట్ కొని ఎక్కడం ఇదే మొదటిసారి."

ఆయనది నేనెప్పుడూ పేరు వినని ద్వీప దేశం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ప్రభుత్వం ఒక పాత విమానం కొని ఎయిర్‌లైన్ పెట్టిందట.

"అది బయల్దేరితే రేడియోలో చెప్పేవారు. నాకు జ్వరమొస్తే దేశం మొత్తానికి ప్రయాణాలు లేనట్టే," అని నవ్వారు.

తర్వాత ఆ ఎయిర్‌లైన్‌కి జెట్‌లు వచ్చాయి. పెద్ద దేశాల విమానాలు కూడా రావడం మొదలయ్యాక తమ జెట్‌లను ఒక్కొక్కటిగా అమ్మేశారు. చివరికి ఆ నెలలో ఎయిర్‌లైన్‌నే మూసేశారు. మిగిలిన ఒక్క విమానాన్నీ ముందురోజు ఆయనే నడిపి తెచ్చి, పాత విమానాలను విడగొట్టే చోట అప్పగించి వస్తున్నారు.

"సీటు కౌంటర్లో ఇస్తారండీ. కిటికీ పక్కది అడగండి," అన్నాను.

ఆయన టికెట్ మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఆకాశం చాలానే చూశాను. నా వెనక కూర్చున్నవాళ్లతోనే ఎప్పుడూ మాట్లాడలేదు. మధ్య సీటు అడుగుతాను. అటొకరు, ఇటొకరు ఉంటారు."

టెర్మినల్ దగ్గర దిగి, నాకు చెయ్యూపి లోపలికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత చాలాసార్లు విమానం ఎక్కాను. మధ్య సీటులో ఎవరైనా వచ్చి కూర్చుంటే ఇప్పుడు ముందుగా నేనే పలకరిస్తాను.