సాల్ట్‌హిల్‌లో ఐదు రాత్రులు

సముద్రం ఒడ్డుకు సెలవుకు పోయేవాళ్లు ఎవరైనా ఎండ కాయాలని కోరుకుంటారు. డింప్నా ఫాలన్ మాత్రం వాన కోరుకుంది. అదీ చిరుజల్లు కాదు, సోమవారం నుంచి శనివారం దాకా తెరిపివ్వని ముసురు.

కారణం గడ్డి. రోస్‌కామన్‌లో ఆమె ఇంట్లో నలభై రెండు పాడి ఆవులున్నాయి. చలికాలమంతా అవి తినేది మే, జూన్‌లలో కోసి పాతరేసిన గడ్డే. వాన పడుతుంటే ఎవరూ పొలంలోకి యంత్రం దించరు. నాలుగు రోజులు ఎండ కాస్తుందన్నారా, కోత మిషన్ల ఫింటన్ ఆరుగురు మనుషులతో ఏ గంటకైనా దిగుతాడు. దిగినవాళ్లకు ఇంటి ఇల్లాలు వండి పెట్టాలి. ఉడకబెట్టిన పంది మాంసం, క్యాబేజీ, రెండు రకాల బంగాళాదుంపలు, తర్వాత టీ, టీలోకి ఇంట్లో చేసిన యాపిల్ టార్ట్. ఎవరింట్లో ఏం పెట్టారో ఆ ఏడు నోళ్లూ సాయంత్రానికల్లా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ చేరవేస్తాయి. పక్క ఊరి ఇల్లాలు ఒకామె ఒకసారి కొట్లో కొన్న హామ్, అంటే చల్లటి పంది మాంసం ముక్కలు పెట్టింది. ఆమె పోయి తొమ్మిదేళ్లయింది. హామ్ మాత్రం ఇంకా బతికే ఉంది.

డింప్నాకు యాభై ఏడేళ్లు. వారానికి మూడు రోజులు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుంటుంది, ఏడు రోజులూ పాలు పితుకుతుంది. చిన్నప్పుడు ఆగస్టు పదిహేను మాత పండుగకు తండ్రి ఏడుగురు పిల్లలనూ వ్యానులో కుక్కి గాల్వేకి, అక్కణ్ణించి సాల్ట్‌హిల్‌కి తీసుకుపోయేవాడు. సముద్రంలో కాళ్లు తడుపుకుని, గట్టు వెంబడి చివరిదాకా నడిచి, అందరిలాగే చివరి గోడను కాలితో తన్ని వెనక్కి తిరిగేవాళ్లు. పాలు పితికే వేళకు ఇల్లు చేరాలి. అందుకని సాయంత్రం పూట సముద్రం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. పెళ్లయ్యాక భర్త మాలకీ డబ్లిన్ తీసుకెళ్లాడు. అక్కడ ఆ వారం వ్యవసాయ యంత్రాల ప్రదర్శన జరుగుతోంది.

సాల్ట్‌హిల్‌లో ఐదు రాత్రులు ఉండాలని ఆమె నాలుగేళ్లుగా చూస్తోంది. మొదటి ఏడు ఒక ఆవు ఈనలేక ఆపసోపాలు పడింది. రెండో ఏడు మాలకీ నడుం పట్టేసింది. మూడో ఏడు తేదీ అడగడం ఆలస్యమైంది. గుర్రప్పందేల వారం వచ్చేసరికి గాల్వేలో మంచం కాదు కదా, కుర్చీ కూడా దొరకదు. ఈసారి ఫిబ్రవరిలోనే మిసెస్ కోయిన్ గెస్ట్‌హౌస్‌లో సముద్రం వైపు గది చెప్పి పెట్టుకుంది. జూన్ రెండో వారం, సోమవారం నుంచి. అప్పటికి కోత అయిపోవాలి. మే నెలంతా వాన పడడంతో కాలేదు. ఆ శుక్రవారం రేడియోలో వాతావరణం చెప్పేవాడు, సోమవారం నుంచి వారమంతా ఎండేనని సంతోషంగా ప్రకటించాడు. డింప్నా రేడియో కట్టేసింది.

ఆ ఇంట్లో మాలకీ తల్లి నాటి ప్రాగ్ బాలయేసు బొమ్మ ఒకటుంది. మెడ విరిగితే జిగురుపెట్టి అతికించారు. పెళ్లికో కోతకో ఎండ కావాలంటే దాన్ని బయట కంచె దగ్గర పెట్టడం అక్కడి అలవాటు. శుక్రవారం సాయంత్రం మాలకీ దాన్ని కంచె కింద పెట్టాడు. శనివారం పొద్దున అది అక్కడ లేదు.

"డింప్నా, బాలయేసు దుప్పట్ల బీరువాలో ఏం చేస్తున్నాడు?"

"దుమ్ము పడుతోందని లోపల పెట్టాను."

"మొహం మీద తువ్వాలు ఎందుకు కప్పావు?"

"చలి వేస్తుందని."

మాలకీ బొమ్మను తీసుకెళ్లి మళ్లీ కంచె కింద పెట్టాడు. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చేటప్పటికి అది తిరిగి బీరువాలో ఉంది. ఎండ మాత్రం కాసింది.

ఆ సాయంత్రం ఆమె ఫింటన్‌కు ఫోన్ చేసింది. "ఒక్క మాట చెప్పు నాయనా. రేపు వస్తావా, రావా?"

"వస్తాననే అనుకోండి తల్లీ. రేపు కాకపోతే ఎల్లుండి. మీ యాపిల్ టార్ట్ వదులుకుంటామా?"

"టార్ట్ సంగతి కాదు. నేను గాల్వే పోవాలి."

"పోండి పోండి, మహారాణిలా పోండి. మాకోసం ఎవరు ఆగమన్నారు?" అన్నాడు, ఆమె పోదని బాగా తెలిసినవాడిలా.

సోమవారం ఐదు కిలోల బంగాళాదుంపలు చెక్కు తీసింది. ఎవరూ రాలేదు. ఉడికిన మాంసం కుక్క తిన్నది కొంత, మాలకీ తిన్నది కొంత. మంగళవారం మళ్లీ వండింది. మధ్యాహ్నం మిషన్ చప్పుడు వినిపిస్తే గుమ్మంలోకి పరుగెత్తింది. ఫింటన్ ట్రాక్టరు మీంచి చెయ్యి ఊపి, నేరుగా పక్క పొలంలోకి పోయాడు.

"వాళ్లది అయ్యాక మనదేలే," అన్నాడు మాలకీ. "సాల్ట్‌హిల్ ఎక్కడికి పోతుంది?"

"సాల్ట్‌హిల్ పోదు. నా గదికే కాళ్లొచ్చాయి. రెండు రాత్రులు పోయినట్టే."

"మరీ అంత ఇదైతే ఎలా? గడ్డి లేకపోతే చలికాలం ఆవులకు ఏం పెడతాం?"

"నీ చెల్లెల్ని పిలిచి వండించు."

"మౌరీనా? అది వండింది తింటే ఫింటన్ మళ్లీ మన గేటు తొక్కడు."

బుధవారం పొద్దున పాలు పితకడం కాగానే డింప్నా ముప్పై శాండ్‌విచ్‌లు చేసింది. కొట్లో కొన్న హామ్‌తోనే. తడిగుడ్డ కప్పి బల్ల మీద పెట్టి, సంచీ తీసుకుని, గేటు దగ్గర బస్సు కోసం నిలబడింది. మాలకీ పాలషెడ్డులోంచి బయటికొచ్చి చూశాడు.

"ఊళ్లో ఏమనుకుంటారే?"

"హామ్ అనుకుంటారు," అంది. బస్సు వచ్చింది.

మిసెస్ కోయిన్ గుమ్మంలోనే, "అయ్యో బంగారం, సోమవారం వస్తారని చూశాను! నిన్నా మొన్నా ఎంత బాగుందో!" అంది. డింప్నా పళ్లు బిగబట్టి నవ్వింది. ఆ సాయంత్రం గట్టు వెంబడి నడిచింది. పిల్లలూ కుక్కలూ ఐస్‌క్రీములూ తప్పించుకుంటూ చివరి గోడ దాకా పోయింది. జూన్‌లో సూర్యుడు అక్కడ నీళ్లలోకి దిగడనీ, వెనకాల ఇళ్ల కప్పుల మీదుగా పోతాడనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. అవతలి ఒడ్డున క్లేర్ కొండలు మాత్రం కాసేపు ఎర్రబడ్డాయి. వాటినే చూసింది. గోడను తన్నింది, కావలసినదానికంటే గట్టిగా.

బొటనవేలు రుద్దుకుంటుంటే ఫోన్ మోగింది.

"ఆవపొడి డబ్బా ఎక్కడ పెట్టావు?" అన్నాడు మాలకీ.

"పై అరలో. వాళ్లొచ్చారా?"

"కోతకు రాలేదు. శాండ్‌విచ్‌లు నేనే తింటున్నాను. ఫింటన్ ఒక్కడే వచ్చి ఇప్పుడే వెళ్లాడు. నువ్వు ఊళ్లో లేవని తెలిసి, తొందరేం లేదన్నాడు. శనివారం నువ్వు వచ్చేస్తావుగా, ఆ రోజే కోత పెట్టుకుందామన్నాడు. మధ్యాహ్నానికల్లా భోజనం తయారుంటే చాలట."

డింప్నా కొండల వైపు చూసింది. ఎరుపు పోయింది.

"వింటున్నావా?"

"వింటున్నాను. టార్ట్ కూడా అడిగాడా?"

"అడిగాడు."

ఫోన్ సంచీలో పడేసి, కుంటుకుంటూ గెస్ట్‌హౌస్‌కు తిరిగివచ్చింది. మిసెస్ కోయిన్ మర్నాటి టిఫిన్‌కు బల్లలు సర్దుతోంది.

"శనివారం రాత్రికి గది ఉందా?"

"శనివారమా! మీ గదికి వేరేవాళ్లు వస్తున్నారు బంగారం. వెనకాల చిన్నది ఒకటుంది గానీ మీకు చెప్పడానికే సిగ్గు. కిటికీ తీస్తే చెత్త డబ్బాలు. సముద్రం చుక్క కూడా కనబడదు."

"ఇవ్వండి," అంది డింప్నా.