ఆ పిల్ల రాయని మూడు వాక్యాలు

మొదట దేవునికి స్తోత్రం. మూగవాడి నోరు తెరిచినవాడు, గాడిద చేత కూడా న్యాయం పలికించినవాడు ఆయనే. ఎవరి మాట ఎవరి నోట రావాలో ఆయనకు తెలుసు. మాకే తెలియలేదు.

మా తెలుగు క్రైస్తవ సహవాసం కెనడాలోని రెజైనాలో ఒక పాత చర్చి బేస్‌మెంట్‌లో కూడుతుంది. శనివారాలు అక్కడే లకోటా తెగ పిల్లలకు రాత క్లాసు పెట్టాం. మాకంటే ఎంతో ముందునుంచి ఈ మైదానాల్లో బతుకుతున్న ఆదివాసులు వాళ్లు. పిల్లలు తమ బతుకు గురించి రాస్తారు, నేను టైప్ చేస్తాను, చివర్లో చిన్న పుస్తకం వేసి అందరి ముందూ చదివిస్తాం.

పదహారేళ్ల అమ్మాయి ఒకతె తన జడ గురించి రాసింది. వాళ్ల అమ్మమ్మను చిన్నప్పుడు చర్చి వాళ్ల హాస్టల్ స్కూలుకు పట్టుకెళ్లి, మొదటిరోజే జుట్టు కత్తిరించారు. లకోటా మాట్లాడితే కొట్టారు. ఇప్పుడు ఆవిడ మనవరాలికి జడ వేస్తూ, పాయకొక లకోటా మాట నేర్పుతుంది. మనవరాలిని దింపి, క్లాసు జరిగినంతసేపూ బయట తన పికప్ ట్రక్కులోనే కూర్చుంటుంది, చర్చి గుమ్మం తొక్కదు. ఆ రాత అక్కడితో అయిపోయింది.

"నేను చదివే రోజు అమ్మమ్మ లోపలికి వస్తానంది ఆంటీ," అని ఆ పిల్ల నాకు చెప్పింది. వాళ్లలోనూ పెద్దవాళ్లను ఆంటీ అంటారు.

మా సంఘపెద్ద ఆ కాగితం చూశారు. "బాగుందమ్మా. సాక్ష్యానికి ఎండింగ్ ఏదీ?"

"సాక్ష్యం కాదంకుల్. వాళ్లింటి సంగతి."

"ఏడిచి ఊరుకుంటే ప్రభువుకేం మహిమ? మూడు ముక్కలు యాడ్ చెయ్. క్షమించాను, రక్షణ పొందాను, సమాధానం దొరికింది. మనందరం చెప్పేది అదేగా."

నిజమే. కాకినాడలో నా బాప్తిస్మం రోజున, ప్రభువు నన్నెలా మార్చాడో సంఘం ముందు చెప్పే నా సాక్ష్యానికీ పెద్దలు ఇవే మాటలు తగిలించారు. చదివేశాను. ఆ అలవాటుతోనే "సరే అంకుల్" అన్నాను. టైప్ చేసినవి నా చేతులే.

పుస్తకం చదివించే శనివారం అమ్మమ్మ వచ్చింది. కోటు విప్పకుండా తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. పిల్ల చదువుతూ ఆ మూడు వాక్యాల దగ్గర ఆగి నా వైపు చూసింది.

"ఇది నేను రాయలేదు ఆంటీ."

అమ్మమ్మ లేచింది. ఇద్దరూ వెళ్లిపోయారు.

"చిన్నపిల్ల, అలిగింది. నెక్స్ట్ వీక్ పిజ్జా పెడితే అదే వస్తుందిలే," అన్నారు పెద్దాయన.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లకు ఆవిడ గుమ్మం దాటితే, కళ్లముందే మనవరాలి నోట్లో మా మాట కుక్కాం. ఆ స్కూలు చేసిన పనే, కత్తెర లేకుండా చేశాం. ఆవిడ తరఫున క్షమించడానికి మేమెవరం? అబద్ధ సాక్ష్యం వద్దన్న ఆజ్ఞను సండేస్కూలు పిల్లల చేత కంఠతా పట్టించేదాన్ని నేనే.

పిల్ల చేతిరాత కాగితం నా బైబిల్లో ఉంది. తీసుకుని పార్కింగ్ లాట్‌లోకి పరిగెత్తాను. ట్రక్కు అద్దం కొంచెం దిగింది.

"టైప్ చేసింది నేనే. తప్పు నాది," అన్నాను.

అమ్మమ్మ చెయ్యి చాపింది. కాగితం అందుకుంది. అద్దం పైకి లేచింది. లోపల పిల్ల చదవడం కనిపించింది, వినబడలేదు.

తిరిగొచ్చి పుస్తకాలన్నిట్లోంచీ ఆ పేజీ చింపుతుంటే పెద్దాయన "ఏంటమ్మా ఇది?" అన్నారు.

"అబద్ధం చింపుతున్నానంకుల్."

ఆ పిల్ల మళ్లీ రాలేదు.

చదువుతున్న మీరు నాతో కలిసి ప్రార్థించండి. ఆమె తిరిగి రావాలని కాదు. ఇంకొకరు తమ కథ చెప్తున్నప్పుడు మా నోటికి కావలి పెట్టమని. నా కోపం చల్లార్చమని మాత్రం అడగకండి. నేనింకా అడగలేదు.